వెట్‌సూట్‌లో చలి ఆగాలంటే పొరలు ఎలా వేసుకోవాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

చాలామంది అండమాన్‌లోని హేవ్‌లాక్‌లో 29 డిగ్రీల నీళ్లలో 3 మి.మీ. వెట్‌సూట్‌తో (ఒంటికి అతుక్కునే నియోప్రీన్ రబ్బరు సూట్) ఓపెన్ వాటర్ అనే తొలి స్కూబా కోర్సు పూర్తిచేస్తారు. ఆ తర్వాత మోలా మోలా చేపల్ని చూడాలని బాలి పక్కనున్న నూసా పెనీడాకో, ఉద్యోగం చేస్తున్న దుబాయ్ నుంచి జనవరిలో ఫుజైరాకో, కాలిఫోర్నియా బే ఏరియా నుంచి మాంటెరేకో వెళ్తారు. పది నిమిషాల్లో పళ్లు టకటకలాడతాయి. అక్కడి నుంచి మొదలయ్యే సందేహాలే ఇవన్నీ. ఏ ప్రశ్న దగ్గర తెరిచినా దానికదే అర్థమయ్యేలా రాశాం కాబట్టి ఒకటి రెండు సంగతులు రెండుచోట్ల కనిపిస్తాయి. ఇదంతా 40 మీటర్ల లోపు చేసే రిక్రియేషనల్ డైవింగ్‌కి వర్తిస్తుంది.

## కొనేముందు, అద్దెకు తీసుకునేముందు

నీళ్లు 28 డిగ్రీలున్నా చలి ఎందుకు వేస్తుంది?

నీరు గాలికన్నా సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. హైదరాబాద్‌లో 28 డిగ్రీలంటే పల్చటి చొక్కా చాలు. అవే 28 డిగ్రీల నీళ్లలో చొక్కా లేకుండా గంటసేపు నెమ్మదిగా తేలుతూ ఉంటే చాలామందికి వణుకు పుడుతుంది. కదలకుండా ఉన్న ఒంటికి వేడి తగ్గకుండా ఉండాలంటే నీరు 33–35 డిగ్రీలుండాలి. అంత వేడి నీళ్లలో ఎవరూ డైవింగ్‌కి వెళ్లరు. పైగా సిలిండర్ గాలి పొడిగా, చల్లగా వస్తుంది. ప్రతి శ్వాసకీ దాన్ని వేడిచేసి తడిపే పని ఊపిరితిత్తుల మీద పడుతుంది. సన్నగా ఉన్నవాళ్లకీ, పిల్లలకీ ఇంకా తొందరగా చలేస్తుంది. దానికీ ధైర్యానికీ సంబంధం లేదు.

సూట్‌లోకొచ్చిన నీరు వేడెక్కి మనల్ని వెచ్చగా ఉంచుతుందంటారు, నిజమేనా?

సగమే నిజం. చలిని ఆపేది నీరు కాదు, నియోప్రీన్ నురుగులో ఇరుక్కున్న సన్నటి వాయు బుడగలు. 1950ల మొదట్లో బర్క్‌లీలో పనిచేస్తున్న భౌతిక శాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్ నియోప్రీన్ వెట్‌సూట్‌కి బాట వేసింది ఈ ఆలోచనతోనే: బుడగలున్న పదార్థం ఒంటిని చుట్టి ఉంటే చాలు, ఒళ్లు పొడిగా ఉండక్కర్లేదు. లోపలికొచ్చిన నీరు కదలకుండా ఉన్నంతసేపూ ఇబ్బంది లేదు. మీరు చెయ్యి చాపినప్పుడల్లా అది మెడ దగ్గరో నడుం దగ్గరో బయటికి పోయి, దాని స్థానంలో కొత్త చల్లటి నీరు వస్తే మాత్రం మీరు సముద్రాన్ని వేడిచేస్తున్నట్టే లెక్క. దీన్ని ఫ్లషింగ్ అంటారు. పొరలు వేసుకోవడంలో అసలు పని మందం పెంచడం కన్నా ఈ కదలికను ఆపడం.

ఎన్ని డిగ్రీల నీళ్లకి ఎంత మందం కావాలి?

మామూలుగా చలి తట్టుకునేవాళ్లకి, 45–50 నిమిషాల డైవ్‌కి పనికొచ్చే లెక్క ఇది. చలి ఎక్కువ అనిపించేవాళ్లు ఈ జాబితాలో ఒక వరస కిందిది చూసుకోండి.

- 29 పైన: రాష్ గార్డ్ (ఒంటికి అతుక్కునే పల్చటి లైక్రా చొక్కా), లేదా 1–2 మి.మీ. సూట్
- 26–28: 3 మి.మీ. ఫుల్ సూట్, రోజుకి మూడు డైవ్‌లైతే లోపల థర్మల్ టాప్
- 22–25: 5 మి.మీ. ఫుల్ సూట్, హుడెడ్ వెస్ట్ (తలని కప్పే హుడ్ కలిసి ఉన్న నియోప్రీన్ బనియన్)
- 18–21: 7 మి.మీ. సూట్, లేదా 5 మి.మీ. మీద జాకెట్, హుడ్, గ్లవ్స్, 5 మి.మీ. బూటీలు (నియోప్రీన్ బూట్లు)
- 10–17: 7 మి.మీ. సెమీడ్రై (అంచుల్లో సీల్స్ వల్ల నీరు తక్కువగా దూరే వెట్‌సూట్), కింద హుడెడ్ వెస్ట్, 5 మి.మీ. గ్లవ్స్, ఎక్కువసేపు ఉండాలంటే డ్రైసూట్ (లోపలికి నీరు రానివ్వని సూట్)
- 10 లోపు: డ్రైసూట్

చూడాల్సింది పైనీటి ఉష్ణోగ్రత కాదు, మీరు ఎక్కువసేపు గడిపే లోతులో ఉన్నది. డైవ్ సెంటర్‌ని "నీళ్లెంత ఉన్నాయి?" అని అడిగితే పైనీటి సంఖ్యే చెప్తారు. "నిన్న 20 మీటర్ల దగ్గర మీ డైవ్ కంప్యూటర్ ఎంత చూపించింది?" అని అడగండి.

అండమాన్, విశాఖ, ఫుజైరా, నూసా పెనీడా, మాంటెరే: ఎక్కడికి ఏం పట్టుకెళ్లాలి?

అండమాన్‌లో సీజన్ అంతా 27–30 డిగ్రీలే కాబట్టి 3 మి.మీ. చాలు.

విశాఖ తీరం కొంచెం మోసం చేస్తుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా తీరం వెంట నైరుతి గాలి వీచినప్పుడు పైనీరు సముద్రంలోకి జరుగుతుంది, కింది చల్లటి నీరు ఆ ఖాళీలోకి లేచివస్తుంది. ఒడ్డున మాడిపోయే ఎండ, నీళ్లలో ఊహించని చలి. ఆ నెలల్లో 3 మి.మీ. సూట్‌తోపాటు ఒక వెస్ట్ సంచిలో వేసుకోండి.

ఫుజైరాలో జనవరి, ఫిబ్రవరి నెలల్లో 22–23 డిగ్రీలుంటుంది. 5 మి.మీ. సూట్, హుడెడ్ వెస్ట్ సరిపోతాయి.

నూసా పెనీడాలో మోలా మోలా కాలం జూలై నుంచి అక్టోబరు దాకా. పైన 26 ఉన్న నీరు ఒక్కసారిగా 20కో ఇంకా కిందికో పడిపోయే థర్మోక్లైన్ అక్కడి ప్రత్యేకత. ఆ చేప కనిపించేది కూడా ఆ చల్లటి నీళ్లలోనే. 5 మి.మీ. మీద హుడ్ లేకుండా వెళ్తే చేప కన్నా ముందు చలే ఎదురొస్తుంది.

మాంటెరేలో ఏడాదంతా దాదాపు 10–15 మధ్యే. వేసవి అనుకుని పల్చటి సూట్‌తో వెళ్లకూడని చోటు అది. 7 మి.మీ. సెమీడ్రై, హుడెడ్ వెస్ట్, గ్లవ్స్ కనీసం ఉండాలి. అక్కడ తరచుగా డైవ్ చేసేవాళ్లు చాలామంది చివరికి డ్రైసూట్‌కి మారతారు.

5/4/3 అని రాసుంటుంది, దానర్థమేంటి?

మొండెం దగ్గర 5 మి.మీ., కాళ్లకి 4, చేతులకి 3. ఒంటి మధ్య భాగానికి వేడి ఎక్కువ కావాలి, చేతులు తేలిగ్గా కదలాలి కాబట్టి అలా కుడతారు.

సూట్ నాకు సరిగ్గా కుదిరిందని ఎలా తెలుసుకోవాలి?

అద్దంలో చూస్తే తెలియదు. జిప్ వేసుకుని నాలుగుచోట్ల తడమండి: నడుం వెనక వంపు, చంకలు, గజ్జలు, మెడ వెనక. ఎక్కడైనా గుడ్డ గుప్పెట్లోకి వస్తే అక్కడ నీరు నిలుస్తుంది. తర్వాత గొంతుక్కూర్చుని లేవండి. కూర్చున్నప్పుడు నడుం దగ్గర సంచిలా ఉబ్బి, లేచినప్పుడు బుస్సుమని గాలి మెడలోంచి వస్తే ఆ సూట్ నీళ్లలో కూడా పంపులాగే పనిచేస్తుంది. రెండు చేతులూ పైకెత్తండి. మణికట్టు అంచు మోచేతి వైపు నాలుగు వేళ్లు జరిగిపోతే చేతులు పొట్టి.

మరోవైపు, నిండుగా ఊపిరి తీసుకున్నప్పుడు ఛాతీ పట్టేసినట్టు ఉండకూడదు. గొంతు దగ్గర ఒక వేలు దూరేంత వీలుండాలి. కొత్త నియోప్రీన్ కొన్ని డైవ్‌ల తర్వాత కొద్దిగా సాగుతుంది కాబట్టి కొనేటప్పుడు కాస్త బిగుతుగానే అనిపించాలి. ముందు ముందు పొరలు వేస్తామని ఒక సైజు పెద్దది కొనడం చాలామంది చేసే తప్పు. వెస్ట్ వేసుకోని రోజు ఆ సూట్ దండగ. వేసుకోబోయే వెస్ట్‌ని షాపుకి తీసుకెళ్లి, దాంతోపాటు తొడిగి చూడండి.

కుట్లు కూడా చూడండి. అటూ ఇటూ దారం కనిపించే ఫ్లాట్‌లాక్ కుట్టులో సూది రంధ్రాల గుండా నీరు కారుతుంది. వెచ్చటి నీళ్లకి పర్లేదు. 20 డిగ్రీల కింద తిరగాలంటే జిగురు పెట్టి, సూది ఆ వైపుకి దిగకుండా కుట్టిన బ్లైండ్ స్టిచ్ కావాలి.

అద్దె సూట్ మీద 5 మి.మీ. అనే ఉంది, అయినా చలేసింది. ఎందుకు?

కొన్నరోజున అది 5 మి.మీ.నే, ఇప్పుడు కాదు. నీళ్లలో లోతుకి వెళ్లిన ప్రతిసారీ బుడగలు నలుగుతాయి, వందల డైవ్‌ల తర్వాత కొన్ని పగిలిపోయి మళ్లీ ఉబ్బవు. ఎండలో ఆరేసి ఆరేసి రబ్బరు గట్టిపడుతుంది. మోకాలి దగ్గరా భుజాల మీదా రెండు వేళ్లతో పట్టి నొక్కి చూడండి. మెత్తగా స్పాంజిలా తగలాలి. అట్టముక్కలా తగిలితే ఇంకోటి అడగండి. జిప్ వెనకుండే అడ్డుపట్టీ, మెడ అంచు చిరగకుండా ఉన్నాయో లేదో కూడా చూసుకోండి.

ఒక్క 5 మి.మీ. కొనాలా, 3 మి.మీ. మీద ఇంకోటి వేసుకోవాలా?

వెచ్చదనం ఒక్కటే చూస్తే సరిగ్గా కుదిరిన ఒక్క మందపాటి సూట్‌దే పైచేయి. రెండు పొరల మధ్య నీరు దూరుతుంది, 3కి 3 కలిపితే 6 రాదు. కానీ ఏడాదికి ఒకసారి అండమాన్, ఒకసారి బాలి వెళ్లేవాళ్లకి 3 మి.మీ. ఫుల్ సూట్, దానికి కుదిరే 3 లేదా 5 మి.మీ. హుడెడ్ వెస్ట్ కొనుక్కోవడం డబ్బుకీ విమానం లగేజీకీ కలిసొస్తుంది. ఈ జంటతో దాదాపు 23 డిగ్రీల దాకా నెట్టుకురావచ్చు. అంతకన్నా చల్లటి చోటికి రెండుసార్లకన్నా ఎక్కువ వెళ్తారని తెలిస్తే మందపాటి సూటే కొనేయండి.

## పొరల వరస

రాష్ గార్డ్ లోపల వేసుకుంటే వెచ్చగా ఉంటుందా?

దాదాపు ఉండదు. లైక్రాలో బుడగలుండవు. దాని ఉపయోగాలు వేరు: సూట్ తేలిగ్గా ఎక్కుతుంది, చంకలూ మెడా ఒరుసుకోవు, అద్దె సూట్ నేరుగా ఒంటికి తగలదు. ఒక్క జాగ్రత్త: దాని చేతులు సూట్ మణికట్టు దాటి బయటికి రాకూడదు. బయటికొచ్చిన గుడ్డ సీల్ కింద ముడతపడి నీటికి దారి ఇస్తుంది. లోపలివైపు గుడ్డ లేకుండా నున్నటి రబ్బరు ఉండే ఓపెన్ సెల్ సూట్లలోనైతే రాష్ గార్డ్ అసలు వద్దు. ఆ రబ్బరు చర్మానికి అతుక్కోవడమే దాని బలం.

షార్క్‌స్కిన్, లావాకోర్ లాంటి థర్మల్ టాప్‌లు నిజంగా పనిచేస్తాయా?

పనిచేస్తాయి, సుమారు 2 మి.మీ. నియోప్రీన్ మేరకు. లోపల నూగు, మధ్యలో నీటిని అడ్డుకునే పల్చటి పొర, బయట సాగే గుడ్డ. వీటిలో నియోప్రీన్ లేకపోవడంతో రెండు లాభాలున్నాయి. ఒకటి, ఇవి తేలవు కాబట్టి మునగడానికి కట్టుకునే సీసం బరువు పెంచక్కర్లేదు. రెండు, లోతుకి వెళ్లినా నలిగి పల్చబడవు. ధర ఎక్కువే. కానీ 26–28 డిగ్రీల నీళ్లలో వారంపాటు రోజుకి మూడు డైవ్‌లు చేసేవాళ్లు ముందుగా కొనాల్సిన పొర ఇదే అని మా అభిప్రాయం.

ఇంట్లో ఉన్న కాటన్ బనియనో, చలికాలపు థర్మల్సో వేసుకోవచ్చా?

కాటన్ వద్దు. నీళ్లు పీల్చుకుని బరువెక్కుతుంది, ముడతలు పడి సూట్‌ని ఒంటికి అతుక్కోనివ్వదు, పైకొచ్చాక ఆరకుండా ఇంకా చల్లబరుస్తుంది. మామూలు ఉన్ని థర్మల్స్ కూడా వెట్‌సూట్ కింద తడిసిన గుడ్డలే. వాటి చోటు డ్రైసూట్ లోపల.

హుడెడ్ వెస్ట్ సూట్ లోపలా, పైనా?

లోపల. వెచ్చదనం కోసం ఒకే ఒక్క వస్తువు కొనగలిగితే ఇది కొనండి. విడి హుడ్‌కి మెడ దగ్గర అంచు ఉంటుంది, ఆ అంచు కింద నుంచే నీరు వెన్నులోకి జారుతుంది. హుడ్, వెస్ట్ ఒకే ముక్కగా ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. పైగా ఛాతీ, వీపు మీద రెండో పొర వస్తుంది. ముందు వెస్ట్ వేసుకుని, ముడతల్లేకుండా తుంటి కిందిదాకా లాగి, దానిమీద సూట్ ఎక్కించండి. హుడ్ తల మీదికి చివర్లో వేసుకుంటారు కాబట్టి అప్పటిదాకా సూట్ మెడలోంచి బయటికి వేలాడుతూ ఉంటుంది, నలిగి లోపల ఇరుక్కోనివ్వకండి.

పొట్టి చేతులు, పొట్టి కాళ్లు ఉండే షార్టీని ఫుల్ సూట్ లోపల వేసుకోవాలా, మీద వేసుకోవాలా?

మీద వేసుకోవడం మేలు. షార్టీ లోపలుంటే తొడ దగ్గరా భుజం దగ్గరా దాని అంచులు మెట్టులా లేస్తాయి, ఫుల్ సూట్ అక్కడ ఒంటికి ఆనదు. మీద వేసుకుంటే ఫుల్ సూట్ ఒంటికి అతుక్కుని ఉంటుంది, షార్టీ మొండెం మీద అదనపు దుప్పటిలా పనిచేస్తుంది. బయటి షార్టీ ఒక సైజు పెద్దది కావాలి. రెంటి జిప్‌లూ వెనకే ఉంటే ఒకదానిమీద ఒకటి గుచ్చుకుంటాయి. ముందు జిప్ ఉన్న జాకెట్ దొరికితే అదే మంచిది.

గ్లవ్స్, బూటీల అంచులు సూట్ లోపలికి తోయాలా, బయట వదలాలా?

బూటీ ముందు తొడిగి, దాని మీదికి సూట్ కాలు లాగండి. ముందుకు ఈదేటప్పుడు నీరు తల వైపు నుంచి పాదాల వైపు పారుతుంది. బూటీ నోరు బయట తెరుచుకుని ఉంటే ఆ నీటిని దోసిలిలా పడుతుంది.

సెమీడ్రై సూట్‌కి చీలమండ, మణికట్టు దగ్గర లోపల నున్నటి సీల్, బయట మామూలు అంచు రెండూ ఉంటాయి. అప్పుడు సీల్ నేరుగా చర్మం మీద, దానిమీద గ్లవ్ లేదా బూటీ, దానిమీద బయటి అంచు. సీల్ మీద ఒక్క వెంట్రుకో దారమో ఉన్నా నీరు కారుతుంది. సీల్ లేని సూట్‌కి వెల్క్రో పట్టీ ఉన్న గ్లవ్స్ తీసుకుని బిగించుకోండి. రెండో గ్లవ్ అంచు ఒక్కరే సర్దుకోలేరు, మీతో జతగా దిగే బడ్డీని అడగండి.

గ్లవ్స్ ప్యాక్ చేసేముందు ఒక మాట. ఈజిప్టు ఎర్రసముద్రపు పార్కులతో సహా పగడపు దిబ్బలున్న చాలాచోట్ల గ్లవ్స్ వేసుకోనివ్వరు. చేతికి రక్షణ ఉంటే జనం అన్నిటినీ పట్టుకుంటారని.

హుడ్ తప్పనిసరా? తల నుంచి సగం వేడి పోతుందంటారు.

సగం అనేది అతిశయోక్తి. తల ఒంటి ఉపరితలంలో సుమారు పదోవంతే. కానీ చలికి చేతుల్లో కాళ్లలో రక్తనాళాలు ముడుచుకున్నట్టు నెత్తి మీదివి ముడుచుకోవు. అందుకే మిగతా ఒళ్లంతా నియోప్రీన్‌లో ఉండి తల ఒక్కటే బయట ఉంటే దాని వాటా బాగా పెరుగుతుంది. 24 డిగ్రీల కింద హుడ్ వేసుకోవాల్సిందే. పైగా చల్లటి నీరు ఒక చెవిలోకే ఉన్నట్టుండి దూరితే కాసేపు తల గిర్రున తిరుగుతుంది, ఆ ఇబ్బందీ తగ్గుతుంది.

ఎన్ని పొరలు వేస్తే అంత మంచిదా?

కాదు. మెడ మీద ఒత్తిడి ఎక్కువైతే అక్కడి రక్తనాళంలో ఉండే గ్రాహకాలు రక్తపోటు పెరిగిందని పొరబడి గుండె వేగం తగ్గిస్తాయి. కళ్లు తిరుగుతాయి, స్పృహ తప్పవచ్చు. ఛాతీ మీద బిగుతు పెరిగితే ప్రతి ఊపిరికీ బలం పెట్టాలి, గాలి తొందరగా అయిపోతుంది. నీళ్లలో ఉన్నట్టుండి ఆయాసం, దగ్గు, నురుగు కఫం కనిపిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అనుమానించి వెంటనే డైవ్ ముగించాలి, పైకొచ్చి ఆక్సిజన్, వైద్యం అందుకోవాలి. బీపీ ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త.

ఇంకో తేలికైన పరీక్ష: అన్నీ వేసుకున్నాక బీసీడీ (గాలి నింపి తేలుడు సర్దుకునే జాకెట్) గాలి వదిలే డంప్ తాడు, వెయిట్ బెల్ట్ బకిల్, భుజం వెనక సిలిండర్ వాల్వ్, మూడూ చేతికి అందాలి. అందకపోతే ఒక పొర తీసేయండి. మూడు నియోప్రీన్ పొరలు అవసరమనిపిస్తే ఆ నీళ్లు వెట్‌సూట్‌వి కావు.

బ్యాటరీతో వేడెక్కే వెస్ట్ కొనవచ్చా?

కొనవచ్చు, కానీ దాన్నే నమ్ముకుని మిగతా పొరలు తగ్గించకండి. చార్జ్ సాధారణంగా డైవ్ చివర్లో అయిపోతుంది, పైకొస్తూ 5 మీటర్ల దగ్గర కాసేపు ఆగే సేఫ్టీ స్టాప్‌లో మీరు చల్లబడతారు. డీకంప్రెషన్ (పైకొస్తుంటే ఒంట్లో కరిగిన నైట్రోజన్ బయటికి పోవడం) పరంగా అది తలకిందుల వరస. వాడితే కింద తక్కువలో పెట్టి, పైకొచ్చేటప్పుడు పెంచండి. బజారులో దొరికే రసాయన హీట్ ప్యాకెట్లు గాలి తగిలితే వేడెక్కేవి, తడిస్తే చచ్చిపోతాయి.

## తొడుక్కునేటప్పుడు

సూట్ ఎక్కట్లేదు, పది నిమిషాలు కుస్తీ పడుతున్నాను. తేలిక మార్గం ఉందా?

పాదానికి ఒక పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడిగి కాలు దూర్చండి, సర్రున జారుతుంది. చేతులకీ అంతే. లాగేటప్పుడు గోళ్లు పెట్టకండి, వేళ్ల మెత్తటి భాగంతో కొద్దికొద్దిగా పట్టి పైకి తేవాలి. నియోప్రీన్‌లో నెలవంక ఆకారంలో కనిపించే చిరుగులన్నీ గోళ్ల పనే.

చీలమండ, మోకాలు, గజ్జలు వరసగా కుదిరేదాకా నడుం పైకి వెళ్లకండి. గజ్జల్లో రెండు వేళ్ల వదులు మిగిలితే భుజాల దగ్గర అంత పొట్టి అవుతుంది, అప్పుడు జిప్‌ని బలవంతంగా లాగుతారు, పళ్లు ఊడతాయి. తర్వాత చేతులు, చంకలు కుదుర్చుకుని, వీపు వెనక అడ్డుపట్టీ నున్నగా పరిచి జిప్ వేయించుకోండి.

ఓపెన్ సెల్ సూట్ అయితే నీళ్లలో కొద్దిగా హెయిర్ కండిషనర్ కలిపి లోపల చల్లాలి. వాసెలిన్, కొబ్బరినూనె వద్దు. లైనింగ్‌కి పట్టుకుని కంపుకొడతాయి.

మన ఎండల్లో 5 మి.మీ. వేసుకుని పడవలో అరగంట కూర్చుంటే వడదెబ్బే. నడుం దాకా ఎక్కించి ఆపండి, దూకే పది నిమిషాల ముందు పూర్తిచేయండి.

హుడ్ వేసుకుంటే చెవుల్లో ఒత్తిడి సర్దుకోవట్లేదు, మాస్క్‌లోకి నీళ్లొస్తున్నాయి.

రెండూ హుడ్ అంచు వల్లే. బిగుతు హుడ్ చెవి రంధ్రాన్ని మూసేస్తే లోపల గాలి ఇరుక్కుంటుంది, దిగుతుంటే చెవిపొర బయటికి లాగినట్టు నొప్పి. నీళ్లలోకి దిగగానే హుడ్ పక్కల్ని చెవుల దగ్గర ఒక్కసారి పైకెత్తి నీరు లోపలికి పోనివ్వండి.

మాస్క్ సిలికాన్ అంచు చర్మం మీదే ఆనాలి, హుడ్ మీద కాదు. మాస్క్ పెట్టుకున్నాక హుడ్ అంచుని చుట్టూ వేలితో బయటికి తీయండి. నుదుటి మీది వెంట్రుకలు లోపలికి తోయండి. పొడుగు జడని నెత్తిమీద ముడి వేస్తే హుడ్ లేచిపోతుంది. మెడ కింద వదులుగా అల్లి సూట్‌లోకి వదలండి.

హుడ్ పైభాగంలో గాలి చేరి కోడిజుట్టులా లేస్తుంటే, కాల్చిన సూదితో నడినెత్తి దగ్గర ఒకటి రెండు రంధ్రాలు పెట్టండి.

దూకేముందు సూట్‌లో వేడినీళ్లు పోసుకోవచ్చా?

పోసుకోండి, మంచి అలవాటు. చెయ్యి పెడితే హాయిగా ఉండే గోరువెచ్చటి నీళ్లు మెడలోంచి ఒక లీటరు, గ్లవ్స్‌లో, బూటీల్లో కొద్దిగా. మొదట దూరే చల్లటి నీటికి చోటుండదు. ఫ్లాస్కులోని మరిగే నీళ్లు మాత్రం వద్దు. సూట్‌లో కాలితే వెంటనే తీయలేరు.

## బరువు, తేలుడు

ఒక పొర కలిపితే ఎన్ని కిలోల సీసం పెంచాలి?

మనిషి సైజునీ, సూట్ వయసునీ బట్టి మారుతుంది. మొదటి అంచనాకి: 3 మి.మీ. ఫుల్ సూట్ సుమారు 2 కిలోలు, 5 మి.మీ. సుమారు 4, 7 మి.మీ. 6–7, హుడెడ్ వెస్ట్ 1–1.5. థర్మల్ టాప్‌కి సున్నా. అంటే అండమాన్‌లో 3 మి.మీ.తో 4 కిలోలు వాడినవాళ్లకి 7 మి.మీ., వెస్ట్‌తో 9–10 దాకా పట్టవచ్చు.

అంచనాని నీళ్లలో సరిచూసుకోకుండా లోతుకి వెళ్లకండి. రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని, బీసీడీ పూర్తిగా ఖాళీ చేసి, మామూలు ఊపిరి పట్టి నిటారుగా ఆగండి. నీరు కళ్ల మట్టంలో ఉండాలి, ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి. ఇది సిలిండర్‌లో గాలి ఒత్తిడి 50 బార్ మిగిలినప్పుడు చూసిన లెక్క. నిండు సిలిండర్‌తో చూస్తే, 11 లీటర్ల అల్యూమినియం సిలిండర్‌కి దాదాపు 2 కిలోలు అదనంగా కలపండి. అది ఖాళీ అవుతూ అంత తేలికవుతుంది.

పైన తేలిపోతున్నాను, 25 మీటర్ల దగ్గర రాయిలా మునుగుతున్నాను. బరువు తప్పా?

కాకపోవచ్చు. మందపాటి నియోప్రీన్ గుణమే అది. 10 మీటర్లకి ఒత్తిడి రెట్టింపు, 30 మీటర్లకి నాలుగు రెట్లు. బుడగలు నలిగి సూట్ తేలే బలంలో కొన్ని కిలోలు పోతాయి. దిగేటప్పుడు బీసీడీలోకి కొద్దికొద్దిగా గాలి కొడుతూ ఉండాలి. పైకొస్తుంటే సూట్ మళ్లీ ఉబ్బుతుంది, బీసీడీ గాలీ ఉబ్బుతుంది. ఆఖరి 10 మీటర్లలో అది చాలా వేగంగా జరుగుతుంది కాబట్టి ఆలోపే గాలి వదులుతూ రండి. కిందున్నప్పుడు బరువెక్కువైందని సీసం తగ్గించుకుంటే సేఫ్టీ స్టాప్‌లో 5 మీటర్ల దగ్గర ఆగలేరు.

## నీళ్లలో

మొదటి పావుగంట బాగానే ఉంటుంది, లోతుకి వెళ్లాక చలి మొదలవుతుంది. ఎందుకు?

రెండు కారణాలు కలుస్తాయి. 30 మీటర్ల దగ్గర మీ 7 మి.మీ. సూట్ దాదాపు సగం మందానికి నలుగుతుంది, పాత సూట్లు ఇంకా పల్చబడతాయి. అదే సమయంలో థర్మోక్లైన్ దాటితే నీరు నాలుగైదు డిగ్రీలు చల్లబడుతుంది. చల్లటి నీళ్లలో లోతైన భాగం డైవ్ మొదట్లోనే ముగించి, మిగతా సమయం పైన గడపండి. చేతులు ఊపుతూ ఈదకండి. ప్రతి ఊపుకీ చంకలోంచి నీరు మారుతుంది.

సూట్‌లో మూత్రం పోస్తే వెచ్చగా ఉంటుందా?

ఒక నిమిషం. ఒంట్లో వేడే బయటికొచ్చింది, కొత్త వేడి పుట్టలేదు. బిగబట్టాల్సిన పనీ లేదు. నీళ్లలో కాళ్లు చేతుల రక్తం ఛాతీ వైపు చేరడంతో శరీరం నీరెక్కువైందనుకుని మూత్రం పెంచుతుంది, అందరికీ అంతే. ఆ భయంతో నీళ్లు తాగడం మానకండి. అద్దె సూట్ అయితే మాత్రం కడిగే మనిషిని తలుచుకోండి.

వణుకు వస్తే డైవ్ ఆపాలా?

ఆపలేని వణుకు వచ్చిందంటే ఆపాలి. దానికి ముందే వేళ్లు చెప్తాయి: బొటనవేలితో చిటికెనవేలిని తాకలేకపోతే ఇక బకిళ్లు, ఇన్‌ఫ్లేటర్ బటన్లు మీ అదుపులో లేనట్టే. రెండు చేతులూ గుండె మీద అడ్డంగా పెట్టి భుజాలు రుద్దుకుంటే "చలేస్తోంది" అని సైగ. బడ్డీ ఆ సైగ చేస్తే ఇంకెంతసేపు అని అడగకుండా పైకి తిరగండి. చలితో గాలి వాడకం పెరుగుతుంది, కాబట్టి గేజ్‌ని మామూలుకన్నా తరచుగా చూడండి. వణుకుతున్న మనిషికి వణుకు ఆగిపోయి, మాట తడబడుతుంటే తగ్గిందనుకోకండి. ముదిరింది, వైద్య సహాయం కావాలి.

చలికీ డీకంప్రెషన్ సిక్‌నెస్‌కీ (ఒంట్లోని నైట్రోజన్ బుడగలుగా మారి వచ్చే జబ్బు) సంబంధముందా?

ఉంది, కానీ ఎప్పుడు చల్లబడ్డారన్నది ముఖ్యం. అమెరికా నౌకాదళపు ప్రయోగాత్మక డైవింగ్ విభాగం 2007లో ప్రచురించిన పరీక్షల్లో డైవర్లని సుమారు 37 మీటర్ల ఒత్తిడికి పంపి, కింద ఉన్నప్పుడూ పైకొచ్చేటప్పుడూ నీటి ఉష్ణోగ్రతని మార్చి చూశారు. కింద వెచ్చగా ఉండి పైకొస్తూ చల్లబడినవాళ్లకే ముప్పు బాగా ఎక్కువైంది. వెచ్చటి ఒంట్లో రక్తం ఎక్కువగా పారి నైట్రోజన్ బాగా చేరుతుంది, తర్వాత చల్లబడితే రక్తనాళాలు ముడుచుకుని అది బయటికి రావడం ఆలస్యమవుతుంది. ఆ పరీక్షలో "చల్లటి" నీరంటే 27 డిగ్రీలు, అంటే మన అండమాన్ నీళ్లే. మామూలు సూట్ వేసుకున్నవాళ్లు చివరికొచ్చేసరికి ఎలాగూ చల్లబడతారు. అందుకే చలేసిన రోజు నో డీకో పరిమితికి (మధ్యలో ఆగాల్సిన పని లేకుండా పైకి రాగలిగే గరిష్ఠ సమయం) దూరంగా ఉండండి, కంప్యూటర్‌లో కన్జర్వేటివ్ సెట్టింగ్ ఒక మెట్టు పెంచండి.

## పైకొచ్చాక

రెండో డైవ్‌కే చలి ఎక్కువవుతోంది. మధ్యలో ఏం చేయాలి?

తడి సూట్ మీద గాలి కొడితే కూజాలో నీళ్లు చల్లబడినట్టే మీరూ చల్లబడతారు. పడవ ఎక్కగానే సూట్ నడుం దాకా దించి, ఒళ్లు తుడుచుకుని, గాలి చొరబడని జాకెట్, ఉన్ని టోపీ వేసుకోండి. వేడి టీ, అరటిపండో ఉప్మానో, ఏదో ఒకటి తినండి. వణకడానికి కూడా ఒంట్లో సరుకుండాలి. గంట గడిచినా పాదాలు చల్లగానే ఉంటే రెండో డైవ్ మానేయండి. చలి రోజురోజుకీ పేరుకుంటుంది కూడా. వారం ట్రిప్‌లో నాలుగో రోజున అదే సూట్ పల్చబడినట్టు అనిపించేది అందుకే.

డైవ్ అయిన వెంటనే వేడినీళ్ల స్నానం చేయొచ్చా?

కొంచెం ఆగండి. బాగా చల్లబడిన ఒంటి మీద వేడినీళ్లు పడితే చర్మంలో రక్తనాళాలు ఒక్కసారి తెరుచుకుని కళ్లు తిరగొచ్చు. వేడెక్కిన కణజాలంలో వాయువు కరిగి ఉండే శక్తి కూడా తగ్గి, అది బుడగలుగా మారవచ్చు. ముందు పొడిబట్టలు, టీ. అరగంట తర్వాత గోరువెచ్చటి స్నానం.

## సూట్ జాగ్రత్త

సూట్ కంపుకొడుతోంది, ఎలా కడిగి ఆరేయాలి?

ప్రతి డైవ్ రోజూ మంచినీళ్లలో ముంచి, తిరగేసి లోపలివైపూ కడగాలి. వాషింగ్ మెషిన్, వేడినీళ్లు, బ్లీచ్ వద్దు. కంపు పోవాలంటే వెట్‌సూట్‌లకని అమ్మే ఎంజైమ్ షాంపూలో నానబెట్టండి. నీడలో, ముందు లోపలివైపు పైకి పెట్టి ఆరేయండి. ఇంటి దండెం సన్నటి తీగ మీద వేస్తే ఆ గీత దగ్గర నియోప్రీన్ శాశ్వతంగా నలుగుతుంది. వెడల్పు భుజాల హ్యాంగర్‌కో లావు పైపుకో నడుం దగ్గర మడిచి వేయండి. అటకమీద మడతపెట్టి బరువులు పెట్టకండి.

గోరు చిరుగు పడింది. టైలర్ దగ్గర కుట్టించవచ్చా?

వద్దు, సూది రంధ్రాలు ఇంకా చింపుతాయి. పూర్తిగా ఆరాక చిరుగు తెరిచి, రెండు ముఖాలకీ నియోప్రీన్ సిమెంట్ పల్చగా రాసి, డబ్బా మీద చెప్పినంతసేపు ఆరనిచ్చి, రెండో పూత వేసి, తడి తగ్గి జిగటగా అయ్యాక గట్టిగా అదమండి. ఒక రోజు వాడకండి.

వెట్‌సూట్‌తో ఇక లాభం లేదని ఎప్పుడు అనుకోవాలి?

7 మి.మీ. సెమీడ్రై, హుడెడ్ వెస్ట్, గ్లవ్స్ అన్నీ సరిగ్గా కుదిరి కూడా 40 నిమిషాలు నిలవలేకపోతే, లేదా నీరు 10 డిగ్రీల కింద ఉంటే డ్రైసూట్. ఐస్‌లాండ్‌లోని సిల్ఫ్రాలో ఏడాదంతా 2–4 డిగ్రీలే, అక్కడ డ్రైసూట్‌తోనే దింపుతారు, దాన్ని వాడిన అనుభవం ముందే ఉండాలి. అందులో పొరల లెక్క వేరు: చెమటని లాగేసే పల్చటి మెరినో ఉన్ని లేదా పాలీప్రొపిలీన్ ఒంటిమీద, దానిమీద మందపాటి ఫ్లీస్. సూట్‌లో గాలిని అదుపు చేయడం నేర్చుకోవాలి, లేకపోతే కాళ్లలోకి గాలి చేరి తలకిందులుగా పైకి తేలిపోతారు. కోర్సు చేసి, స్విమ్మింగ్ పూల్‌లో అలవాటు పడ్డాకే సముద్రానికి వెళ్లండి.